వెండి ఆభరణాల ఎంపిక, పరీక్ష, సంరక్షణ: సమగ్ర మార్గదర్శి

వెండి ఆభరణం నల్లబడగానే మురికి పట్టిందని భావించి గట్టిగా తోమడం చాలామందికి అలవాటు. ఆ నలుపు గాలిలోని గంధకంతో కలిసి రూపం మార్చుకున్న వెండే. సిల్వర్ సల్ఫైడ్ అనే ఆ నల్లని పదార్థంలో తూకం ప్రకారం 87 శాతం వెండి ఉంటుంది. కనుక తోమిన ప్రతిసారీ ఆభరణం నుంచి కొంత వెండి గుడ్డకంటి పోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే నగిషీ గీతలు మాసిపోతాయి, అంచులు మొద్దుబారుతాయి, ముద్ర అంకెలు కనిపించకుండా పోతాయి. వెండి మెరుపును కాపాడుకోవడానికి వెండినే ఖర్చు చేయనక్కరలేదు. ఆభరణాన్ని ఎంచుకునే దశ నుంచి మరమ్మతు చేయించే దశ దాకా ఏ పని ఎందుకు చేయాలో, ఎలా చేయాలో ఈ మార్గదర్శిలో వరుసగా వివరించాను.

మొదటి అడుగు: లోహం స్వభావాన్ని తెలుసుకోండి

వెండి పరమాణు సంఖ్య 47. సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. లోహాలన్నిటిలోనూ విద్యుత్తును, వేడిని అత్యధికంగా ప్రసరింపజేసేది ఇదే. మెరుగు పెట్టిన వెండి తన మీద పడిన వెలుగులో దాదాపు 95 శాతాన్ని తిరిగి పంపుతుంది; దాని తెల్లని కాంతికి కారణం అదే. ఆభరణం ధరించేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన గుణాలు మాత్రం రెండే: అది మెత్తనిది, దానికి గంధకంతో సులభంగా చర్య జరుగుతుంది.

మెత్తదనం సంగతి ముందు చూద్దాం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద వెండి స్థానం సుమారు 2.5. గాలిలో ఎగిరే దుమ్ములోని ఇసుక రేణువుల స్థానం 7. అంటే దుమ్ము పట్టిన ఉంగరాన్ని పొడిగుడ్డతో తుడిస్తే ఆ దుమ్మే దానిని గీకుతుంది. తుడవడానికి ముందు నీటితో కడగాలన్న నియమానికి మూలం ఇదే. మెత్తదనం వల్ల మేలు కూడా ఉంది: వెండిని వెంట్రుకంత సన్నని తీగగా లాగవచ్చు, పలుచని రేకుగా సాగగొట్టవచ్చు, దాని మీద లోతైన నగిషీ చెక్కవచ్చు.

ఇక గంధకం. సాధారణ ఉష్ణోగ్రత వద్ద వెండికి ఆక్సిజన్‌తో చర్య జరగదు కనుక ఇనుములా తుప్పు పట్టదు. కానీ గాలిలో అత్యల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు సైతం దాని ఉపరితలాన్ని మార్చగలవు. తేమ ఎక్కువైన కొద్దీ ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. మొదట లేత పసుపు, తరువాత గోధుమ, ఊదా, నీలి ఛాయలు, చివరికి నలుపు కనిపిస్తాయి. మొదట్లో కనిపించే ఈ రంగులు పొర మందాన్ని బట్టి కాంతి చేసే మాయ. పసుపు దశలో ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షోవంతు స్థాయిలోనే ఉంటుంది. ఆ దశలోనే గమనించినవారికి శుభ్రం చేయడం అతి తేలిక. నలుపు దాకా ఆగినవారికే శ్రమ, నష్టం రెండూ.

రెండవ అడుగు: ముద్ర మీది అంకెలను చదవండి

స్వచ్ఛమైన వెండి రోజువారీ వాడకానికి మరీ మెత్తన కాబట్టి అందులో మరొక లోహాన్ని, సాధారణంగా రాగిని కలుపుతారు. ఆ మిశ్రమంలో వెండి ఎంత ఉందో వెయ్యి భాగాలకు లెక్కగట్టి ఆభరణం మీద అంకెగా ముద్రిస్తారు. 999 అంటే మేలిమి వెండి. 925 అంటే వెయ్యింటికి 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు చాలావరకు రాగి. దీనినే స్టెర్లింగ్ వెండి అంటారు. 7.5 శాతం రాగి కలిసినంత మాత్రాన గట్టిదనం మేలిమి వెండికి రెట్టింపు పైగా పెరుగుతుంది, తెలుపు మాత్రం దాదాపు చెక్కుచెదరదు. ఈ రెండింటి సమతూకం వల్లనే 925 శతాబ్దాలుగా ఆభరణాల ప్రమాణంగా నిలిచింది. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డ్ రాజు 1300 సంవత్సరంలో చేసిన శాసనం వెండి వస్తువులకు ఈ ప్రమాణాన్నే విధించింది.

958 అనే అంకె కనిపిస్తే అది బ్రిటానియా వెండి. వెండి నాణేలను కరిగించి వస్తువులుగా మార్చే అలవాటును అరికట్టడానికి ఇంగ్లండు 1697లో నాణేలకంటే మేలైన ఈ ప్రమాణాన్ని వస్తువులకు తప్పనిసరి చేసింది. 1720లో స్టెర్లింగును తిరిగి అనుమతించినా బ్రిటానియా ఐచ్ఛికంగా నేటికీ కొనసాగుతోంది. 900, 835, 800 అంకెలు ఐరోపా పాత ఆభరణాల మీద తరచుగా కనిపిస్తాయి. జర్మనీలో 1888 నుంచి చంద్రవంక, కిరీటం ముద్రలతో పాటు 800 లేదా అంతకు పైబడిన అంకెను వేయడం మొదలైంది. రాగి పాలు పెరిగేకొద్దీ తెలుపులో కొద్దిగా పసుపు ఛాయ చేరుతుంది, ఆభరణం త్వరగా మాసిపోతుంది.

అంకెను ఎవరైనా ముద్రించగలరు. అంకె ఒక్కటే ఉంటే అది తయారీదారు చెప్పుకున్న మాట మాత్రమే. స్వతంత్ర పరీక్షా కేంద్రం లోహాన్ని పరీక్షించి వేసిన చిహ్నం దాని పక్కన ఉంటే ఆ మాటకు సాక్ష్యం దొరికినట్టు. ఇంగ్లండులో నడిచే సింహం చిహ్నం 1544 నుంచి ఆ పని చేస్తోంది. 1972లో వియన్నాలో కుదిరిన ఒడంబడిక ప్రకారం సభ్యదేశాలు పరస్పరం గుర్తించే ఉమ్మడి ముద్రలో త్రాసు బొమ్మ, మధ్యలో అంకె ఉంటాయి. కొనేముందు పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ముద్రను చూడండి. అసలు ముద్ర అంచులు పదునుగా, స్పష్టంగా ఉంటాయి. ముద్రించిన నగను అచ్చుగా వాడి పోత పోసిన నకలులో అంకెల అంచులు మెత్తగా, గుండ్రంగా కనిపిస్తాయి.

ఏ పనికి ఏ వెండి తగునో కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. ఉంగరాలు, గొలుసులు, కడియాలు, కొక్కెం ఉన్న ఏ ఆభరణమైనా 925 కావడం మేలు. వీటికి మేలిమి వెండిని ఎంచుకుంటే అవి త్వరగా వంగిపోతాయి. సన్నని తీగలను అల్లి చేసే నగలకు మేలిమి వెండి, లేదా దానికి దగ్గరి మిశ్రమమే తగినది, ఎందుకంటే కాల్చినప్పుడు అందులో నల్లబడే రాగి ఉండదు, తీగ చెప్పినట్టు వంగుతుంది. కొద్దిగా జెర్మేనియం కలిపిన వెండి మిశ్రమాలు కూడా ఉన్నాయి. జెర్మేనియం ఉపరితలం మీద పారదర్శకమైన పలుచని ఆక్సైడు పొరగా ఏర్పడి నలుపును చాలాకాలం ఆపుతుంది. శుభ్రం చేసే ఓపిక లేనివారు కొంత ఎక్కువ వెచ్చించయినా ఇటువంటి మిశ్రమాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

మూడవ అడుగు: వెండి కాని వాటిని వేరు చేయండి

జర్మన్ సిల్వర్ అని పిలిచే లోహంలో వెండి అసలే ఉండదు. అది రాగి, నికెల్, జింక్‌ల మిశ్రమం. పేరును బట్టి మోసపోకపోవడమే కాక దానిలోని నికెల్ కొందరి చర్మానికి దురద, దద్దుర్లు కలిగిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ముద్రలో ఈపీఎన్ఎస్ అనే అక్షరాలు ఉంటే అదే లోహం మీద విద్యుత్తు సాయంతో వెండి పూత వేశారని అర్థం. ఇంగ్లండుకు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబం 1840లో పేటెంటు పొందినప్పటి నుంచి ఈ పూత పద్ధతి విస్తరించింది. పూత మందం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి ఎక్కువగా రాపిడి తగిలే చోట, అంటే ఉంగరం అడుగున, గొలుసులోని వలయాలు ఒకదానికొకటి తగిలే మూలల్లో, కొక్కెం అంచున ముందుగా అరుగుతుంది. భూతద్దాన్ని ముందు ఆ చోట్లకే తీసుకెళ్లండి. తెల్లని పూత కింద పసుపు లేదా ఎరుపు తొంగిచూస్తే విషయం తేలిపోయినట్టే.

కానీ బంగారు పూత వేసిన వెండిని దీనితో కలపకూడదు. స్టెర్లింగ్ వెండి మీద తగినంత మందమైన బంగారు పూత ఉన్న నగలను వెర్మెయిల్ అంటారు. వాటి లోపలి లోహం విలువైనదే. అలాగే రోడియం పూత వేసిన వెండి కూడా అసలు వెండే. రోడియం ప్లాటినం జాతికి చెందిన గట్టి లోహం, గంధకానికి లొంగదు, అందువల్ల పూత ఉన్నంతకాలం నగ నల్లబడదు. దాని మెరుపులో మాత్రం కొంచెం చల్లని నీలిఛాయ ఉంటుంది. వెండి సహజకాంతిని ఇష్టపడేవారు కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

నాలుగవ అడుగు: ఇంట్లోనే పరీక్షించండి

అయస్కాంతంతో మొదలుపెట్టండి. వెండి అయస్కాంతానికి అంటుకోదు; గట్టిగా అంటుకున్న నగ లోపల ఇనుమో ఉక్కో ఉంది. అయితే రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా సాధారణంగా అంటుకోవు కనుక అయస్కాంతం దోషిని పట్టగలదు కానీ నిర్దోషిని నిరూపించలేదు. మరొక సంగతి: అసలైన వెండి గొలుసు కొక్కెంలో చిన్న ఉక్కు స్ప్రింగు ఉండడం మామూలే, అక్కడ మాత్రమే అయస్కాంతం లాగితే గాబరా పడవలసిన పని లేదు.

వెండి మీద మంచుముక్క వేగంగా కరిగితే అది అసలుదని చెప్పే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. వెండి వేడిని అత్యంత వేగంగా ప్రసరింపజేస్తుందన్నది నిజమే, కానీ రాగి దానికి ఆమడ దూరంలో ఏమీ లేదు. వెండి పూత వేసిన రాగి కడియం మీద కూడా మంచు ఇంచుమించు అంతే త్వరగా కరుగుతుంది. అందుకే ఈ పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను. నేలమీద పడేసి మోత వినే పద్ధతి కూడా నగ ఆకారాన్ని బట్టి మారిపోతుంది.

నీటిలో తూచే పద్ధతి మాత్రం శ్రద్ధగా చేస్తే నిజంగా పనికొస్తుంది. గ్రాములో వందోవంతును చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక గ్లాసు, సన్నని దారం ఉంటే చాలు. ముందు నగను పొడిగా తూచి బరువు రాసుకోండి. తరువాత సగానికి పైగా నీరు పోసిన గ్లాసును త్రాసు మీద ఉంచి సూచీని సున్నాకు తీసుకురండి. నగను దారానికి కట్టి, చేతితోనో చిన్న స్టాండు నుంచో వేలాడదీసి, నీటిలో పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా దించండి. ఇప్పుడు త్రాసు చూపే గ్రాములే నగ పరిమాణం ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఉదాహరణకు 20.72 గ్రాముల కడియాన్ని నీటిలో వేలాడదీసినప్పుడు త్రాసు 2.00 చూపితే సాంద్రత 10.36. అది 925 వెండికి సరిగ్గా సరిపోతుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ కడియమైతే దాని సాంద్రత సుమారు 8.7 కాబట్టి త్రాసు 2.38 ప్రాంతంలో చూపుతుంది. రాగి సాంద్రత 8.96, ఇత్తడిది 8.4 నుంచి 8.7 వరకు ఉంటుంది. పూత ఎంత అందంగా ఉన్నా అది లోపలి లోహం బరువును దాచలేదు; ఈ పద్ధతి బలం అదే.

దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. గాలిబుడగలు నగకు అంటుకుంటే పరిమాణం ఎక్కువగా కనిపించి మంచి వెండి కూడా నకిలీగా తేలుతుంది. నీటిలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపితే బుడగలు తొలగిపోతాయి. రాళ్లు పొదిగిన నగలకు, లోపల బోలుగా ఉన్న గుండ్లకు ఈ లెక్క వర్తించదు. చిన్న నగల విషయంలో తేడాలు సన్నబడతాయి: 3 గ్రాముల ఉంగరం వెండిదైతే 0.29, జర్మన్ సిల్వర్ అయితే 0.34 చూపుతుంది కనుక రెండింటినీ వేరు చేయగలం. 800 వెండి సాంద్రత 10.14 కాబట్టి 925 ఉంగరానికీ 800 ఉంగరానికీ మధ్య తేడా వందోవంతు గ్రాము లోపే. ఇంటి త్రాసు దానిని పట్టలేదు. సీసంతో తేలిక లోహాలను కలిపి ఇదే సాంద్రతకు తీసుకురావడం కూడా అసాధ్యం కాదు. అంటే ఈ పరీక్ష వెండి ఉండే అవకాశాన్ని బలపరుస్తుంది, మేలిమిని నిర్ధారించదు.

మేలిమి ఖచ్చితంగా తేలాలంటే పని తెలిసినవారి దగ్గరికి వెళ్లాలి. నల్లని గీటురాయి మీద నగను గీసి, ఆ గీత మీద నైట్రిక్ ఆమ్లంలో కరిగించిన పొటాషియం డైక్రోమేట్ చుక్క వేస్తే వెండి ఉన్నప్పుడు ఎరుపు రంగు వస్తుంది. మేలిమి ఎక్కువైతే నిగనిగలాడే ఎరుపు, తగ్గితే గోధుమ వైపు తిరుగుతుంది. ఆ ద్రావణం చర్మాన్ని కాల్చడమే కాక క్యాన్సర్ కారకం కూడా కాబట్టి ఇంట్లో ప్రయోగించవద్దు. ఎక్స్-కిరణాలతో పరీక్షించే యంత్రం నగను ఏమాత్రం గీయకుండా క్షణాల్లో లోహాల పాళ్లు చెబుతుంది, కానీ అది పై పొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే పూతనే చదివి వెండి అంటుంది. ఖరీదైన పాత నగను కొనేటప్పుడు యంత్రం ఫలితాన్ని, నీటి తూకాన్ని రెండింటినీ చూడమని నా సలహా; ఒకటి పైపొరను, మరొకటి లోపలి భాగాన్ని చూస్తాయి.

ఐదవ అడుగు: పనితనాన్ని చూడండి

లోహం మంచిదైనా పని నాసిరకమైతే ఆభరణం నిలవదు. రోజూ ధరించే ఉంగరం పట్టీ మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. అంతకంటే పలుచనిది నెమ్మదిగా గుండ్రని ఆకారం కోల్పోతుంది. గొలుసు వలయాల అతుకులు టంకంతో పూర్తిగా మూసుకున్నాయో లేదో భూతద్దంతో చూడండి. కేవలం వంచి దగ్గరకు చేర్చిన వలయాలు గుంజితే విడిపోతాయి. పోతపోసిన నగల మీద సూదిమొన అంత గుంటలు గుంపుగా కనిపిస్తే పోతలో వాయువు చిక్కుకుందని అర్థం. ఆ చోటు బలహీనంగా ఉండడమే కాక శుభ్రపరిచే ద్రవాలు అందులో నిలిచి మళ్లీ మళ్లీ మచ్చ తెస్తాయి.

రాళ్లు పొదిగిన నగల విషయంలో వెండి మెత్తదనాన్ని మరిచిపోకూడదు. సన్నని గోళ్ల వంటి కొనలతో రాయిని పట్టే అమరిక ప్లాటినంలోనూ గట్టి బంగారు మిశ్రమంలోనూ బాగా నిలుస్తుంది. వెండిలో ఆ కొనలు బట్టలకు తగులుకొని పైకి లేస్తాయి. విలువైన రాయిని వెండిలో పెట్టించదలచుకుంటే చుట్టూ గట్టు కట్టినట్టు లోహం అంచును మడిచి బిగించే అమరికనే కోరండి.

ఆరవ అడుగు: ధరించే పద్ధతి

తరచుగా ధరించే వెండి పెట్టెలో దాచిన వెండికంటే ఆలస్యంగా నల్లబడుతుంది. చర్మం, దుస్తులు సున్నితంగా రాసుకోవడం వల్ల పలుచని పొర ఎప్పటికప్పుడు పోతుంది. అందుచేత నలుపు భయంతో దాచడం కన్నా ధరించడమే మంచిది. సుగంధ ద్రవ్యాలు, లేపనాలు పూసుకొని అవి ఆరాకనే నగ పెట్టుకోండి. ఈతకొలనులోని క్లోరిన్, బట్టలు తెల్లబరచే బ్లీచింగ్ ద్రవం వెండిని, అందులోని రాగిని కూడా తినివేస్తాయి. గంధకం తెచ్చే నలుపును వెనక్కు తిప్పవచ్చు, క్లోరిన్ పెట్టే గుంటలను పూడ్చలేం. సముద్రస్నానానికి, వేడినీటి గంధకపు ఊటలకు వెళ్లేటప్పుడు నగలు తీసి వెళ్లాలి.

వేలి మీద నల్లని చార పడితే వెండి నకిలీదని తొందరపడవద్దు. పౌడరు, లేపనాల్లోని గట్టి రేణువులు మెత్తని వెండిని అతి సూక్ష్మంగా గీకినప్పుడు ఆ పొడి నల్లగా కనిపిస్తుంది. పచ్చని మరక రాగి నుంచి వస్తుంది, చెమట ఎక్కువగా పట్టేవారికి 925 తోనూ రావచ్చు.

ఏడవ అడుగు: శుభ్రం చేయడం

అన్నిటికంటే ముందు నగను గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల మెత్తని సబ్బు ద్రవంతో కడగండి. సందులకు పసిపిల్లల పళ్ల బ్రష్షు సరిపోతుంది. మెరుపు తగ్గిన నగల్లో చాలావాటికి సమస్య చెమట, జిడ్డు మాత్రమే. ఈ స్నానంతోనే పని ముగిసిపోతుంది. వెంటనే మెత్తని నూలు గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

కడిగాక కూడా పసుపో నలుపో మిగిలితే అప్పుడు గంధకం సంగతి చూడాలి. రాళ్లు లేని, కావాలని నల్లబరచని, ఒకే లోహంతో చేసిన గట్టి నగలకు అల్యూమినియం పద్ధతి శ్రేష్ఠం. గాజు లేదా పింగాణీ పాత్ర అడుగున అల్యూమినియం రేకు పరచండి. లీటరు బాగా కాగిన నీటిలో మూడు పెద్ద చెంచాల వంట సోడా, ఒక చెంచా ఉప్పు కలిపి మెల్లగా పోయండి. నగ ప్రతి భాగమూ వీలైనంత వరకు రేకుకు తగిలేలా ఉంచండి, తగలనిదే చర్య సాగదు. అల్యూమినియానికి గంధకంతో చర్యలో వెండికన్నా చొరవ ఎక్కువ; అది ఎలక్ట్రాన్లను ఇచ్చి తాను కరుగుతూ సిల్వర్ సల్ఫైడును తిరిగి వెండిగా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే చర్య జరుగుతోందని గుర్తు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ కాబట్టి కిటికీలు తెరిచి ఉంచండి. రెండు నుంచి ఐదు నిమిషాల్లో తీసి, పారే నీటిలో బాగా కడిగి, చివరగా స్వేదన జలంతో ముంచి తీసి ఆరబెట్టండి.

ఈ పద్ధతిలో నలుపులోని వెండి చాలాభాగం నగ మీదే మిగులుతుంది, రుద్దడం ఉండదు. అయితే తిరిగి ఏర్పడిన పైపొర సూక్ష్మంగా గరుకుగా ఉంటుంది, అందువల్ల నగ కొంచెం మసకగా కనిపించవచ్చు; మెత్తని గుడ్డతో ఒకటి రెండుసార్లు సుతారంగా తుడిస్తే కాంతి వస్తుంది. పురాతన నగలకు, పలుచని పూత ఉన్నవాటికి ఈ పద్ధతి వాడవద్దు.

రుద్దక తప్పని చోట, అంటే మొండి మచ్చలు మిగిలినప్పుడు, అతి మెత్తని అవక్షేపిత సుద్దపొడిని (ద్రావణం నుంచి అడుగుకు దిగేలా చేసి తీసిన సన్నని సుద్దను) నీటితో పలుచని ముద్దగా చేసి దూదితో రాయండి. సుడులు తిప్పకుండా ఒకే దిశలో, నగ పొడవునా రాయాలి. దూది నల్లబడగానే మార్చండి. పళ్లపొడి, పేస్టు మాత్రం ముట్టుకోవద్దు. మోస్ కొలమానం మీద 5 దగ్గర ఉండే పంటి పింగాణీని దృష్టిలో ఉంచుకొని తయారుచేసిన పొడి 2.5 దగ్గర ఉన్న వెండిని ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

క్షణాల్లో నలుపు తీసే ముంచుడు ద్రావణాలు అంగళ్లలో దొరుకుతాయి. వాటిలో సాధారణంగా ఆమ్లం, థయోయూరియా ఉంటాయి. అవి సిల్వర్ సల్ఫైడును కరిగించి ద్రవంలోకి లాక్కుంటాయి, అంటే ఆ వెండి పోయినట్టే. ఎక్కువసేపు ఉంచితే ఉపరితలం పొడిబారినట్టు నిర్జీవంగా మారుతుంది. బోలు నగల సందుల్లోకి దూరిన ద్రవాన్ని కడిగి తీయడం దాదాపు అసాధ్యం. నేను వాటిని సిఫారసు చేయను.

నగిషీ సందులు నల్లగా, ఎత్తుభాగాలు తెల్లగా ఉన్న నగలను చూసి శుభ్రం చేయాలనిపిస్తుంది. చాలాసార్లు ఆ నలుపును తయారీదారే పొటాషియం పాలీసల్ఫైడ్ ద్రావణంతో కావాలని తెప్పించి ఉంటాడు. రూపం లోతుగా కనిపించడానికి అదే ఆధారం. అటువంటి నగను అల్యూమినియం స్నానంలో వేస్తే ఆ పనితనమంతా కొన్ని నిమిషాల్లో చెరిగిపోతుంది. ఎత్తుభాగాలను మాత్రమే మెరుగుగుడ్డతో తుడవండి. ముత్యాలు, పగడాలు కాల్షియం కార్బనేటుతో ఏర్పడినవి కనుక ఆమ్లం తగిలితే కరుగుతాయి; నీలిపచ్చని ఫిరోజా రాయి ద్రవాలను పీల్చుకొని రంగు మారుతుంది; ఓపల్ వేడికి పగులుతుంది. వీటిని పొదిగిన నగలకు తడిపి పిండిన గుడ్డ ఒక్కటే సాధనం. రోడియం పూత ఉన్నవాటికి సబ్బునీటి స్నానం చాలు, మెరుగుపొడి పూతనే తినేస్తుంది.

ఎనిమిదవ అడుగు: దాచిపెట్టడం

గాలి, తేమ, గంధకం ఈ మూడింటినీ దూరం చేస్తే చాలు. ఒక్కో నగను విడిగా మెత్తని నూలు గుడ్డలో చుట్టి, పాలిథిన్ జిప్ సంచిలో గాలి పిండేసి, చిన్న సిలికా జెల్ పొట్లంతో సహా మూయండి. నలుపును ఆపే ప్రత్యేక కాగితపు పట్టీలు గంధకపు వాయువులను తామే పీల్చుకుంటాయి, ఏడాదికొకసారి మార్చుకోవాలి. ఉన్ని గుడ్డలు, ఉన్నితో చేసిన ఫెల్టు, రబ్బరు వస్తువులు దగ్గర ఉండకూడదు. రబ్బరును గంధకంతోనే గట్టిపరుస్తారు. సంచికి రబ్బరుబ్యాండు చుట్టినా కొన్నాళ్లకు దాని ఆకారంలోనే నగ మీద నల్లని గీత పడుతుంది. పీవీసీ సంచులు కూడా తగవు.

తొమ్మిదవ అడుగు: మరమ్మతు చేయించడం

విరిగిన వెండి నగను అతికించడం బంగారం కంటే కష్టమైన పని. వెండి వేడిని క్షణాల్లో అంతటా పంచేస్తుంది కాబట్టి అతుకు ఉన్న చోటును మాత్రమే వేడి చేయడం కుదరదు. వెలిగారం రాసి టంకం పెట్టి మొత్తం నగనే టంకం కరిగే స్థాయికి తీసుకురావాలి. అందువల్ల వేడికి తాళని రాళ్లను ముందే తీయాలి, కావాలని పెట్టిన నలుపు పోతుంది, పూతలు చెడతాయి. వీటిని తిరిగి అమర్చే శ్రమ కూడా మరమ్మతులో భాగమేనని ముందే అనుకోవాలి. 925 వెండి సుమారు 800 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, గట్టి టంకాలు దానికి కొద్ది దిగువనే కరుగుతాయి. పనివారికి మిగిలే వ్యవధి చాలా తక్కువ.

వేడి చేసినప్పుడు గాలిలోని ఆక్సిజన్ వెండి లోపలికి చొరబడి రాగిని ఆక్సైడుగా మారుస్తుంది. మరమ్మతు తరువాత మెరుగు పెట్టిన నగ మీద ఊదా బూడిద రంగు మబ్బు మరక కనిపిస్తే కారణం అదే. అది ఉపరితలం కింద ఉంటుంది కనుక తుడిస్తే పోదు. ఆకురాయితోనో మెరుగుచక్రంతోనో ఆ పొరను తీయాలి, లేదా పదేపదే కాల్చి ఆమ్లంలో ముంచి పైన మేలిమి వెండి పొర తేలేలా చేయాలి. నగను తీసుకునేటప్పుడు పగటి వెలుగులో, తెల్లని కాగితం దగ్గర పెట్టి ఈ మరక కోసం చూడండి.

పాత నగలో బూడిదరంగు మెత్తని అతుకు కనిపిస్తే అది సీసం, తగరం కలిసిన టంకం కావచ్చు. అటువంటి నగను అలాగే ఎర్రగా కాల్చితే ఆ సీసం, తగరం వెండిలోకి చొచ్చుకుపోయి అక్కడ లోహాన్ని గుల్ల చేస్తాయి. ఆ చోటును పనివారికి ముందే చూపించి, పాత టంకాన్ని గీకి పూర్తిగా తీసిన తరువాతనే నిప్పు చూపించమని అడగండి. అలాగే కొత్త అతుకుకు కాడ్మియం లేని వెండి టంకాన్నే వాడమని చెప్పండి. కాడ్మియం పొగ పని చేసేవారి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.